సముద్రపు కెరటాల వీడియోతో ఎన్‌క్రిప్షన్ కీ: ఎంతవరకు నమ్మొచ్చు? (వైజాగ్, 40 బాక్సులు)

రుషికొండ_నోడ్ అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. ఫిషింగ్ హార్బర్ చుట్టుపక్కల చేపల కోల్డ్ స్టోరేజీల్లో ఉష్ణోగ్రత లాగ్ చేసే బాక్సులు 40 పెట్టబోతున్నాం. ఒక్కో బాక్సులో లినక్స్ నడిచే చవక ఆర్మ్ బోర్డు, దానికి వైఫైలో కలిసే మూడేసి ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న చిప్) సెన్సర్లు. బోర్డులో హార్డ్‌వేర్ రాండమ్ జనరేటర్ లేదు. ప్రతి బాక్సుకీ సొంత సర్టిఫికెట్ ఉంటుంది. వాటి మీద సంతకం పెట్టే రూట్ కీని నెట్‌కి తగిలించని పాత లాప్‌టాప్‌లో తయారు చేసి అక్కడే ఉంచాలని ప్లాను.

ఆ రూట్ కీ విషయంలో కంప్యూటర్ ఇచ్చే రాండమ్ ఒక్కదాన్నే నమ్ముకోవడం ఇష్టం లేదు, బయటి నుంచి కూడా ఏదైనా కలపాలి. అనుకుంటున్నవి ఇవీ: ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ ఎదురుగా ఫోన్‌తో తీసిన 30 సెకన్ల కెరటాల వీడియో, లేదా జగదాంబ జంక్షన్ ట్రాఫిక్ రొద, లేదా స్టేషన్ తగలని చోట ఎఫ్‌ఎమ్ రేడియో గుర్రుమనే శబ్దం. ఇవేవీ కాకపోతే ఇంట్లో ఉండే పాచికలు, తంబోలా బిళ్ళలు, చింతపిక్కలు.

వీడియో ఫైలుకి ఎస్‌హెచ్‌ఏ-256 హాష్ (ఏ ఫైలునైనా నలగ్గొట్టి 256 బిట్ల ముద్దగా చేసే లెక్క) తీసి, దాన్ని కౌంటర్‌తో పొడిగించి ఒక ఎంబీ డేటా చేసి, డేటా ఎంత రాండమ్‌గా ఉందో కొలిచే 'ఎంట్' ప్రోగ్రాంకి ఇస్తే బైటుకి 7.9998 బిట్లు అని చూపిస్తోంది. అంటే బాగున్నట్టేనా? వీటిలో ఏది ఎన్ని బిట్లు ఇస్తుంది, కీగా ఎలా మార్చాలి, లినక్స్‌లోకి ఎలా ఎక్కించాలి, ఎక్కడ దెబ్బ తింటాం? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

ఎంవీపీ_కెర్నల్

ముందు ఆ 7.9998 సంగతి తేల్చేద్దాం. అది మీ కెరటాల గురించి చెప్పే అంకె కాదండి, ఎస్‌హెచ్‌ఏ-256 గురించి చెప్పేది. వీడియో తీసేసి 'అ' అనే ఒక్క అక్షరం పెట్టి, అదే పద్ధతిలో ఒక ఎంబీ చేసి చూడండి, మళ్ళీ 7.9998 వస్తుంది. హాష్ అయ్యాక కొలిచిన ఏ కొలతకీ విలువ లేదు. కొలిస్తే హాష్‌కి ముందున్న ముడి డేటాని కొలవాలి. దానికి కూడా 'ఎంట్' సరిపోదు, అది ఇచ్చేది సగటు లెక్క. మనకి కావలసింది మిన్-ఎంట్రోపీ (ఎంట్రోపీ అంటే ఊహకందనితనం, బిట్లలో కొలుస్తారు). దాడి చేసేవాడు అన్నిటికన్నా ఎక్కువ అవకాశమున్న విలువనే ముందుగా ఊహిస్తాడు కాబట్టి, ఆ విలువ వచ్చే సంభావ్యత ఎంతో చూసి, దానికి 2 ఆధారంగా లాగరిథమ్ తీసి గుర్తు మార్చాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2018లో ఖరారు చేసిన 800-90బీ పత్రం ఈ లెక్క మీదే నడుస్తుంది. దాని ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది. 10 లక్షల ముడి నమూనాలు ఇచ్చి, నమూనాలు ఒకదానితో ఒకటి సంబంధం ఉన్నవే అనుకునే మోడ్‌లో నడపండి.

అదైనా చెడ్డదాన్ని పట్టుకుంటుందే గానీ మంచిదానికి సర్టిఫికెట్ ఇవ్వలేదు. డెబియన్ లినక్స్‌లో 2006 నుంచి 2008 దాకా కీలు తయారు చేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్రోగ్రాంకి జరిగింది గుర్తు తెచ్చుకోండి. ఎంట్రోపీ కలిపే కోడ్ వరసలు తీసేశారు, మిగిలిన తేడా అల్లా ప్రాసెస్ నంబరు. ఒక్కో రకం కీకి 32,767 అవకాశాలే మిగిలాయి. బయటికొచ్చే బిట్లని ఏ గణాంక పరీక్షకి పెట్టినా చక్కగా పాసయ్యేవి. అందుకే అంకె కన్నా ముందు వేసుకోవలసిన ప్రశ్నలు రెండు: ఊహకందని ఆ తేడా భౌతికంగా ఎక్కడ పుడుతోంది, అది మీకు తప్ప ఇంకెవరికి కనిపిస్తోంది?

బీచ్ వీడియో ఈ రెండో ప్రశ్న దగ్గరే పడిపోతుంది. సబ్‌మెరైన్ ఎదుట సాయంత్రం పూట ఎన్ని ఫోన్లు వీడియో తీస్తుంటాయో మీకు తెలియంది కాదు. కెరటం ఆకారం రహస్యం కాదు. పైగా కెరటం నెమ్మది, సెకనుకి 30 ఫ్రేములు తీసినా పక్క ఫ్రేము ముందుదానికి దాదాపు నకలే. ఆ వీడియోలో నిజంగా మీ ఒక్కరిదే అనదగ్గది ఫోన్ సెన్సర్ నాయిస్. దాన్నేమో హెచ్.264, హెచ్.265 కంప్రెషన్ పనిగట్టుకుని చెరిపేస్తుంది. ఇంకో ముఖ్యమైన మాట: ఫోన్లో ఆటో బ్యాకప్ ఆన్‌లో ఉంటే మీరు లాప్‌టాప్ దగ్గరికి చేరేలోపే మీ సీడ్ (కీకి విత్తనంలాంటి డేటా) క్లౌడ్‌లో ఉంటుంది. అదే ఫైలు వాట్సాప్‌లో ఎవరికైనా పంపితే మళ్ళీ కంప్రెస్ అవుతుంది కాబట్టి హాష్ మారుతుంది, కానీ అసలు ఫైలు క్లౌడ్‌లో అలాగే కూర్చుంటుంది. జగదాంబ రొదకీ ఇదే వర్తిస్తుంది. ఏఏసీ కంప్రెషన్, నాయిస్ సప్రెషన్ అయ్యాక మిగిలేది హారన్లు, అవి పక్కవాడి ఫోన్లోనూ పడతాయి.

మరి క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ళు శాన్‌ఫ్రాన్సిస్కో ఆఫీసులో లావా దీపాల గోడ పెట్టారు కదా అంటారేమో. ఆ ఆలోచన 1996 నాటి సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్ళ లావారాండ్‌ది. ఇప్పుడా గోడ నుంచి వచ్చేది సర్వర్ల సొంత రాండమ్‌కి అదనంగా కలిసే ఒక పాయ మాత్రమే. గోడ రేపు పడిపోయినా వాళ్ళ కీలు బలహీనపడవు. మీరు పట్టుకోవలసిందీ అదే: ఉన్నదాన్ని తీసేయకుండా, దానికి కలపండి.

కలపడం ఇలా. లాప్‌టాప్‌లో 5.18 లేదా ఆ తర్వాతి కెర్నల్ ఉన్న లైవ్ యూఎస్‌బీతో బూట్ చేయండి. మీ అంకెలున్న ఫైలుని డిస్కు మీద కాకుండా డెవ్ ఎస్‌హెచ్‌ఎమ్ ఫోల్డర్‌లో, అంటే ర్యామ్‌లో సృష్టించండి. ఎకో కమాండ్‌తో టైప్ చేస్తే షెల్ హిస్టరీలో పడుతుంది, ఎడిటర్ వాడండి. ఆ ఫైలుని అలాగే డెవ్ యూరాండమ్‌లోకి (లినక్స్ రాండమ్ అంకెలు ఇచ్చే ఫైలు) రాయండి, రూట్ అనుమతి కూడా అక్కర్లేదు. ఇలా రాసింది కెర్నల్ పూల్‌లో (రాండమ్ పోగయ్యే చోటు) కలుస్తుంది గానీ దానికి ఎంట్రోపీ క్రెడిట్ రాదు, అంటే ఇన్ని బిట్లు చేరాయని కెర్నల్ లెక్కేసుకోదు. రాకపోవడమే మంచిది, మీరిచ్చింది చెత్తయినా ఉన్నదేమీ తగ్గదు. ఒక మెలిక ఉంది: పూల్‌లో పడింది వెంటనే బయటి ధారలోకి రాదు. ఈ కెర్నళ్ళలో బూటయిన మొదటి నిమిషాలు దాటాక రీసీడ్ (పూల్ నుంచి ధారని కొత్తగా నింపడం) నిమిషానికొకసారి. కాబట్టి రాశాక ఒకటి రెండు నిమిషాలు ఆగి, అప్పుడు మామూలుగా ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌తో కీ చేయండి. ఆగే ఓపిక లేకపోతే రూట్ అనుమతితో రీసీడ్ ఐఓసీటీఎల్ (కెర్నల్‌కి నేరుగా ఇచ్చే ఆదేశం) పిలవచ్చు.

ఎన్ని బిట్లు కావాలంటే 256 చాలు. కీలకి వాడే పీ-256 పద్ధతి గానీ ఈడీ25519 గానీ ఇచ్చే భద్రతే 128 బిట్లది. రోజుల తరబడి పోగుచేయాల్సిన పని లేదు.

గవ్వల_గణితం

రూట్ కీ జన్మలో ఒక్కసారి చేసేది కాబట్టి మీ జాబితాలో తంబోలాకే నా ఓటు. ఎందుకంటే లెక్క కళ్ళ ముందే ఉంటుంది.

సంచిలోంచి బిళ్ళ తీసి, వెనక్కి వేయకుండా, వచ్చిన వరసలో రాసుకుంటూ పోతే మొదటి బిళ్ళకి 90 అవకాశాలు, రెండోదానికి 89, అలా. 21 బిళ్ళలకి 132 బిట్లు దాటుతుంది. 42 బిళ్ళలకి 256.05. మొత్తం 90 తీసేస్తే 459. నేనైతే 42 దగ్గర ఆగొద్దంటాను. బిళ్ళలు సరిగ్గా కలవకపోవడం అనే తెలియని నష్టం ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అన్నీ తీసేస్తే దానికి 200 బిట్ల వెసులుబాటు దొరుకుతుంది. ఖర్చయ్యేది ఇంకో అయిదు నిమిషాలు.

మొదలుపెట్టే ముందు బిళ్ళలు లెక్కపెట్టండి. ఇంట్లో ఉండే సెట్టులో ఒకటో రెండో సోఫా కిందికి పోయి ఉండడం మామూలే. మూడు తక్కువై 87 ఉన్నా 43 తీస్తే 258 బిట్లు వస్తాయి, భయం లేదు. లేవని తెలియకుండా లెక్క వేసుకోవడమే తప్పు. కిందటి ఆటలో బోర్డు మీద వరసగా పేర్చిన బిళ్ళల్ని అలాగే డబ్బాలో వంపేస్తారు కాబట్టి, ముందు ఒక గుడ్డ సంచిలో పోసి బాగా గిలక్కొట్టండి. ప్లాస్టిక్ డబ్బా వద్దు, చదునైన బిళ్ళలు దొంతరలుగా అంటుకుని ఉండిపోతాయి. ప్రతి బిళ్ళ తీశాక మళ్ళీ ఒకసారి కుదిపి, చూడకుండా, సంచి అడుగు దాకా చెయ్యి పెట్టి తీయండి. 6, 9 కింద గీత అరిగిపోయిన పాత సెట్లలో 61కీ 19కీ, 81కీ 18కీ, 68కీ 89కీ తేడా తెలియదు. ఏదో ఒకటి అనుకుని రాసేయండి. అలాంటి ప్రతి తికమకకీ పోయేది మహా అయితే ఒక్క బిట్టు.

రాసేటప్పుడు అన్నీ రెండంకెలుగా (07, 45, 90), మధ్యలో ఒక ఖాళీతో. పుస్తకంలో పెట్టి రాయకండి, పెన్ను ఒత్తిడి కింది పేజీ మీద దిగుతుంది. గాజు బల్ల మీదో స్టీలు పళ్ళెం మీదో ఒంటి కాగితం పెట్టి రాయాలి. గదిలో సీసీ కెమెరా ఉంటే ఆ గదిలో వద్దు. అంకెలు పైకి చదవడం కూడా వద్దు. తంబోలా అలవాటు కొద్దీ నోరు ఊరుకోదు, బల్ల మీద ఫోనేమో మైకు తెరుచుకుని ఉంటుంది.

పాచికలైతే ఒక్కో వేతకి (ఒకసారి వేస్తే) 2.585 బిట్లు, 100 వేతలకి 258. బొమ్మల కొట్లో దొరికే ప్లాస్టిక్ పాచికలకి చుక్కలు తవ్వి ఉంటాయి కాబట్టి ఆరు చుక్కల ముఖం కాస్త తేలిక, మొగ్గు ఉంటుంది. ఒక ముఖం ఆరింట ఒక వంతు కాకుండా 0.20 వంతు పడుతోందని చెడ్డగా అనుకున్నా వేతకి 2.32 బిట్లు, అప్పుడు 111 వేతలు. అరచేతిలోంచి జారవిడిస్తే దొర్లదు, గ్లాసులో గిలక్కొట్టి గోడకి తగిలేలా వేయాలి.

ఇక చింతపిక్కలు. అడిగారు కాబట్టి పూర్తిగా చెప్తాను, దీనిలోనే అసలు పాఠం ఉంది. అష్టాచెమ్మాకి పిక్కల్ని ఒక వైపు అరగదీసి తెల్లగా చేస్తాం. ఏ పిక్కా సగం సగం పడదు, ఎవరు ఎంత అరగదీశారన్నదాన్ని బట్టి మొగ్గు మారుతుంది. తెలుపు 0.6 వంతు పడుతుందనుకుందాం. అప్పుడు పిక్కకి మిన్-ఎంట్రోపీ 0.737 బిట్లు. నాలుగు పిక్కలు ఒకసారి వేస్తే 2.95, అంటే 87 సార్లు వేస్తే 256 దాటుతుంది. కానీ ఇది ఏ పిక్క ఏదో తెలిసినప్పటి మాట. ఆటలో లాగా 'మూడు పడ్డాయి, రెండు పడ్డాయి' అని లెక్క మాత్రమే రాసుకుంటే వరస పోతుంది. వేతకి 1.53 బిట్లే మిగులుతాయి, 168 సార్లు వేయాలి. కాబట్టి పిక్కలకి గోళ్ళరంగుతో ఒకటి, రెండు, మూడు, నాలుగు చుక్కలు పెట్టి, ఎప్పుడూ అదే వరసలో తెలుపుకి 1, నలుపుకి 0 రాయండి.

మొగ్గు పోగొట్టడానికి వాన్ నాయ్‌మన్ 1951లో చెప్పిన ఉపాయం వాడదామని ఎవరో ఒకరు అంటారు: రెండేసి ఫలితాలు తీసుకుని 01 అయితే 0, 10 అయితే 1, ఒకేలా ఉంటే పారేయడం. పని చేస్తుంది, కానీ జత కట్టాల్సింది ఒకే పిక్క వరసగా పడిన రెండు వేతల్ని. పక్కపక్క పిక్కల్ని జత కడితే ఒక్కోదాని మొగ్గు వేరు కాబట్టి లెక్క తప్పుతుంది. అదీగాక ఈ పద్ధతికి 267 వేతలు కావాలి. ఎలాగూ ఎస్‌హెచ్‌ఏ-256లోకి పోసేదానికి మొగ్గు ముందే పోగొట్టనక్కర్లేదు. మొత్తం మిన్-ఎంట్రోపీ 256కి పైన ఉంటే చాలు. 87 చాలినచోట 120 వేసి ఊరుకోండి.

పేకముక్కలు ఎవరూ అడగలేదు గానీ, 52 ముక్కల కట్ట ఎంత బాగా కలిపినా 225.58 బిట్లు మించదు. 128కి ఎక్కువ, 256కి తక్కువ.

పాతపోస్టాఫీస్_సోల్డర్

గణితం మాస్టారు రూట్ కీ తేల్చేశారు. 40 బాక్సుల్లో ప్రతిదాని ముందూ కూర్చుని తంబోలా ఆడలేం కదా, నేను బోర్డు వైపు చెప్తా.

అన్నిటికన్నా చవక బీసీ547 ట్రాన్సిస్టర్. అవి రెండు, ఒక ఎల్‌ఎమ్393 కంపరేటర్ (రెండు వోల్టేజీల్లో ఏది ఎక్కువో చెప్పే చిప్), కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. మొదటిదాని బేస్ గ్రౌండ్‌కి, ఎమిటర్‌ని 100 కిలో ఓమ్‌ల ద్వారా 12 వోల్టులకి కట్టండి, కలెక్టర్ గాలికి వదిలేయండి. బేస్-ఎమిటర్ జంక్షన్ తిరగబడి 8, 9 వోల్టుల దగ్గర బ్రేక్‌డౌన్ అవుతుంది, 30 మైక్రో ఆంపియర్ల చుట్టూ పారుతుంది, అప్పుడు పుట్టే అవలాంచ్ నాయిసే మన సరుకు. ఎమిటర్ నుంచి 100 నానో ఫారడ్ కెపాసిటర్‌తో రెండో బీసీ547 బేస్‌కి. దానికి కలెక్టర్‌లో 10 కిలో ఓమ్‌లు, కలెక్టర్ నుంచి బేస్‌కి 1 మెగా ఓమ్. అక్కణ్ణుంచి ఇంకో 100 నానోతో 5 వోల్టుల మీద నడిచే ఎల్‌ఎమ్393కి. కంపరేటర్ రెండు ఇన్‌పుట్లనీ 1.5 వోల్టుల దగ్గర కూర్చోబెట్టండి, 5 వోల్టుల సప్లైలో ఇన్‌పుట్ 3.5 దాటితే అది నిజం చెప్పదు. ఔట్‌పుట్ ఓపెన్ కలెక్టర్, 10 కిలో ఓమ్‌లతో 3.3 వోల్టులకి లాగి బోర్డు జీపీఐఓ (ఇన్‌పుట్) పిన్‌కి ఇవ్వండి. 10 కిలోహెర్ట్జ్ దగ్గర చదవండి. మరీ వేగంగా చదివితే పక్కపక్క నమూనాలు ఒకదానికొకటి నకళ్ళవుతాయి.

ఎక్కడ చెడుతుందో వినండి, అదే ముఖ్యం. 9 వోల్టుల బ్యాటరీతో చేస్తే మొదట పని చేస్తుంది. బ్యాటరీ 8 వోల్టులకి దిగేసరికి బ్రేక్‌డౌన్ ఆగిపోతుంది, కంపరేటర్ మాత్రం చుట్టుపక్కల కరెంటు తీగల 50 హెర్ట్జ్ హమ్ పట్టుకుని 0లు 1లు ఇస్తూనే ఉంటుంది. యూఎస్‌బీ 5 వోల్టుల నుంచి ఎమ్‌టీ3608 బూస్ట్ మాడ్యూల్‌తో 12 చేస్తే దాని 1.2 మెగాహెర్ట్జ్ స్విచింగ్ రిపుల్ నాయిస్ మీద స్వారీ చేస్తుంది. 12 వోల్టుల గీతలో 100 ఓమ్‌లు, 100 మైక్రో ఫారడ్ ఫిల్టర్ పెట్టక తప్పదు. ఒకే రీలులోని బీసీ547లలో కూడా కొన్ని గోల చేస్తాయి, కొన్ని మౌనంగా ఉంటాయి. స్కోప్ మీద చూసి ఏరుకోండి.

మన ఊరికి ప్రత్యేకం ఉప్పుగాలి. హార్బర్ దగ్గర బోర్డు మీద కనబడని తేమ పొర 100 కిలో, 1 మెగా ఓమ్‌ల నోడ్లని లీక్ చేస్తుంది, బయాస్ జరుగుతుంది, 1ల వాటా 0.5 నుంచి 0.8కి పోతుంది. ఫ్లక్స్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి కన్‌ఫార్మల్ కోటింగ్ (తేమ చొరని పలచని పూత) కొట్టండి. కోల్డ్ స్టోరేజీ తలుపు తీసినప్పుడల్లా బాక్సు లోపల చెమ్మ పడుతుంది, అక్కడ ఇంకా ఎక్కువ.

అందుకే ఒక ఆరోగ్య పరీక్ష తప్పనిసరి. 800-90బీలో రిపిటీషన్ కౌంట్ అని ఉంది, పది వరసల కోడ్. బిట్టుకి 0.5 ఎంట్రోపీ అని నమ్మి, 2 పవర్ మైనస్ 20 తప్పు హెచ్చరికకి ఒప్పుకుంటే హద్దు 41. వరసగా 41 సార్లు అదే బిట్టు వస్తే సోర్స్ చచ్చినట్టే, కీ తయారీ ఆపేయాలి. ఒకటి గుర్తుంచుకోండి, 50 హెర్ట్జ్ హమ్‌ని 10 కిలోహెర్ట్జ్‌లో చదివితే సగం సైకిల్‌కి 100 నమూనాలు. కాబట్టి ఈ పరీక్షే హమ్‌ని కూడా పట్టేస్తుంది. 1 కిలోహెర్ట్జ్ దగ్గర చదివేవాళ్ళకి ఆ అదృష్టం లేదు, సగం సైకిల్‌కి 10 నమూనాలే.

ఇంత సోల్డరింగ్ వద్దంటే రాస్‌బెర్రీ పై కెమెరా, లెన్స్ మీద నల్ల టేపు. రా మోడ్‌లోనే తీయాలి, జేపీఈజీ కాదు. ఒక్క ఫ్రేము పనికిరాదు, హాట్ పిక్సెళ్ళు ఎప్పుడూ అదే చోట మెరుస్తాయి, అది సెన్సర్ వేలిముద్రే గానీ రాండమ్ కాదు. వరసగా రెండు ఫ్రేములు తీసి ఒకదాంట్లోంచి ఒకటి తీసేయండి, మిగిలినది నాయిస్. పిక్సెల్‌కి 0.1 బిట్ అని పిసినారి లెక్క వేసినా 10,000 పిక్సెళ్ళకి 1,000 బిట్లు. ఫోన్ కెమెరాలు చీకట్లో నాయిస్‌ని మరీ గట్టిగా తుడిచేస్తాయి, అవి వద్దు.

రేడియో గుర్రు: ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిల్‌కి (యూఎస్‌బీ రేడియో రిసీవర్) ఏంటెన్నా తగిలిస్తే ఊళ్ళో ట్రాన్స్‌మిటర్ ఉన్న ఎవడైనా మీ కీలో వేలు పెట్టొచ్చు. నేవీ రాడార్లున్న ఊరు మనది, ఆ పల్సులు క్రమం తప్పకుండా వస్తాయి. ఏంటెన్నా పీకి 50 ఓమ్‌ల టర్మినేటర్ బిగించండి, అప్పుడు వినబడేది డాంగిల్ లోపలి యాంప్లిఫయర్ సొంత నాయిస్ మాత్రమే.

భీమిలి_బీటా

అందరూ కష్టపడుతున్నారు గానీ, మా భీమిలి తీరం ఇసకలో మోనజైట్ ఉంది, అందులో రేడియోధార్మిక థోరియం ఉంది. గైగర్ ట్యూబు పక్కన గుప్పెడు ఇసక పోస్తే అయిపోదా గురూ?

పాతపోస్టాఫీస్_సోల్డర్

ఆ గుప్పెడు జోలికి పోకు బాబూ. మోనజైట్ 1962 అణుశక్తి చట్టం కింద నియంత్రిత పదార్థం. దులిపి పోగేసుకుంటే ఎంట్రోపీ కన్నా ముందు పోలీసులొస్తారు. అవసరం కూడా లేదు. ఎస్‌బీఎమ్-20 గైగర్ ట్యూబుకి 400 వోల్టులిచ్చి ఊరికే బల్ల మీద పెడితే సహజ నేపథ్యానికే నిమిషానికి 20 క్లిక్కుల చుట్టూ వస్తాయి. వరసగా రెండు విరామాలు కొలిచి, మొదటిది పెద్దదైతే 1, రెండోది పెద్దదైతే 0, సమానమైతే పారెయ్. తర్వాతి బిట్టుకి కొత్త జత విరామాలు తీసుకో, పాతదాన్ని మళ్ళీ వాడకు. నిమిషానికి 10 బిట్లు, 256కి అరగంట లోపే. ఆర్డ్యునో ఊనోలో మైక్రోసెకన్ గడియారం 4 మైక్రోసెకన్ల మెట్లలో నడుస్తుంది, ఈ పనికి అది ఎక్కువే. ఇసక పోసి వేగం పెంచితే ట్యూబు డెడ్ టైమ్ (ఒక క్లిక్ అయ్యాక ఇంకోటి పట్టలేని క్షణం) ప్రభావం కూడా పెరుగుతుంది.

రుషికొండ_నోడ్

చాలా థ్యాంక్స్ అండీ అందరికీ. రూట్ కీకి తంబోలా 90 బిళ్ళలు, పైన చెప్పినట్టు యూరాండమ్‌లో కలపడం – ఖాయం చేసుకున్నాం. బాక్సుల గురించి ఇంకో రెండు వివరాలు అడగాలి. ఒక మాస్టర్ ఎస్‌డీ కార్డు తయారు చేసి 40 కార్డులకీ అదే ఇమేజ్ కాపీ చేస్తాం, మొదటి బూట్‌లో బాక్సు తన కీ తానే చేసుకుంటుంది. ఈఎస్‌పీ32లో ఆర్డ్యునో కోడ్, సెటప్‌లో ఖాళీ పిన్ మీద అనలాగ్‌రీడ్ తీసి రాండమ్‌సీడ్‌కి ఇచ్చి, ఆ రాండమ్‌తో సెన్సర్ కీ. వీటికి కూడా బీసీ547 సర్క్యూట్ పెట్టాలా?

ఎంవీపీ_కెర్నల్

సోల్డరింగ్ ఐరన్ కింద పెట్టండి. మీ అసలు కన్నం ఈ పోస్టులోనే ఉంది, రూట్ కీలో లేదు.

ఈఎస్‌పీ32 ముందు. ఖాళీ పిన్ మీద వోల్టేజీని అంకెగా మార్చే ఏడీసీ 12 బిట్లది, అంటే ఎంత అదృష్టం ఉన్నా 4,096 విలువలు. నిజంలో అది ఒక చిన్న పరిధిలో ఊగుతుంటుంది. దాడి చేసేవాడికి 4,096 కీలు ప్రయత్నించడం కన్ను మూసి తెరిచేలోపు పని. దీనికన్నా దారుణం ఇంకోటి ఉంది. ఈఎస్‌పీ32 ఆర్డ్యునో కోర్‌లో రాండమ్ ఫంక్షన్ మామూలుగా హార్డ్‌వేర్ జనరేటర్‌నే వాడుతుంది. మీరు రాండమ్‌సీడ్ పిలిచిన క్షణం నుంచి అది సాఫ్ట్‌వేర్ జనరేటర్‌కి మారిపోతుంది. అంటే ఆ ఒక్క వరస మంచిదాన్ని ఆపి చెడ్డదాన్ని పెడుతోంది. తీసేయండి. కీ బైట్లకి ఆర్డ్యునో రాండమ్ కాకుండా నేరుగా ఈఎస్‌పీ ఫిల్ రాండమ్ పిలవండి, అదీ వైఫై స్టార్ట్ అయ్యాకే. రేడియో ఆగి ఉంటే ఆ హార్డ్‌వేర్ జనరేటర్‌కి నాయిస్ అందదు, వచ్చేది ఉత్తుత్తి రాండమే. వైఫై ముందే కావాలంటే బూట్‌లోడర్ రాండమ్ ఎనేబుల్ అని ఉంది, అది ఏడీసీ నాయిస్‌ని లోపలికి మళ్ళిస్తుంది. వైఫై గానీ ఏడీసీ గానీ వాడే ముందు దాన్ని డిసేబుల్ చేయడం మరిచిపోవద్దు.

ఇక ఎస్‌డీ కార్డులు. ఒకే ఇమేజ్ అంటే ఒకే రాండమ్-సీడ్ ఫైలు (బూట్‌లో పూల్‌లో కలిపేది), ఒకే మెషీన్-ఐడీ (బోర్డు గుర్తింపు అంకె), మాస్టర్ కార్డుని ఒకసారి బూట్ చేసి ఉంటే ఒకే ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు కూడా. గడియారం బ్యాటరీ లేని బోర్డులైతే మొదటి బూట్‌లో టైము కూడా 40లోనూ ఒకటే. 2012లో హెనింగర్ బృందం ఇంటర్నెట్ మొత్తం వెతికి టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్ లాంటి భద్ర కనెక్షన్) హోస్టుల్లో 0.50 శాతానికి ఆర్‌ఎస్‌ఏ (రెండు పెద్ద ప్రైమ్‌ల గుణకారం మీద నడిచే పద్ధతి) ప్రైవేట్ కీలు బయటికి లాగింది. దొరికినవాటిలో ఎక్కువ ఇలాంటి రౌటర్లు, చిన్న పెట్టెలే, మొదటి బూట్‌లో ఎంట్రోపీ చేరకముందే కీ చేసుకున్నవి. రెండు పెట్టెలు మొదటి ప్రైమ్ సంఖ్య ఒకటే చేసి, రెండో ప్రైమ్‌కి వచ్చేసరికి వేరుపడితే, రెండు పబ్లిక్ కీల గసాభా తీస్తే చాలు, ఆ ఉమ్మడి ప్రైమ్ బయటపడుతుంది. కారణాంకాల కోసం వెతకనే అక్కర్లేదు.

చేయాల్సింది ఇది. మాస్టర్ ఇమేజ్‌లో ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు, సిస్టమ్‌డీ (లినక్స్ బూట్‌లో సర్వీసులు నడిపేది) రాండమ్-సీడ్ ఫైలు చెరిపేయండి. మెషీన్-ఐడీ ఫైలుని ఖాళీ చేయండి, పూర్తిగా తీసేయొద్దు. ప్రతి కార్డుకి ఇమేజ్ రాసిన వెంటనే అదే లాప్‌టాప్ యూరాండమ్ నుంచి 512 బైట్లు తీసి ఆ కార్డులో సిస్టమ్‌డీ రాండమ్-సీడ్ ఫైలుగా పెట్టండి. ఫ్లాష్ చేసే స్క్రిప్ట్‌లో రెండు వరసలు. దానికి క్రెడిట్ ఇచ్చే సెట్టింగ్ ఆన్ చేయనక్కర్లేదు, క్రెడిట్ లేకపోయినా పూల్‌లో కలుస్తుంది. మీ కీ తయారీ సర్వీసు సిస్టమ్‌డీ రాండమ్-సీడ్ సర్వీసు తర్వాతే నడిచేలా ఆర్డరింగ్ రాయండి. కోడ్‌లో గెట్‌రాండమ్ వాడండి, అది పూల్ సిద్ధమయ్యేదాకా ఆగుతుంది. డెవ్ యూరాండమ్ నేరుగా తెరిస్తే ఆగకపోవచ్చు. 5.4 నుంచి కెర్నల్ ప్రాసెసర్ టైమింగ్ తేడాలతో తానే పూల్ నింపుకోగలదు కాబట్టి బూట్ అక్కడే ఆగిపోయే బాధ తగ్గింది. కానీ కొన్ని చవక బోర్డులకి తయారీదారు ఇచ్చే కెర్నల్ 4.4, 4.9 దగ్గరే ఉంటుంది, అది ముందు చూసుకోండి.

బీసీ547 సర్క్యూట్ ఆ తర్వాత కావాలనిపిస్తే పెట్టుకోండి, సోల్డర్ గారి హెల్త్ టెస్ట్‌తో సహా. కార్డుకో సీడ్ పెట్టాక అది అదనపు హంగే.

గవ్వల_గణితం

కెర్నల్ గారు చెప్పినదానికి ఒక చిన్న తనిఖీ. బాక్సులు హార్బర్‌కి పంపే ముందు 40 పబ్లిక్ కీలూ ఒక ఫైలులోకి తెచ్చుకోండి. ఆర్‌ఎస్‌ఏ అయితే ప్రతి జతకీ గసాభా తీయండి. 780 జతలు, పైథాన్‌లో రెండు లూపులు, సెకన్లలో అయిపోతుంది. ఏ జతకైనా 1 కాకుండా ఇంకేదొచ్చినా ఆ రెండు బాక్సులూ వెనక్కి. ఈడీ25519 అయితే ఉమ్మడి ప్రైమ్ గొడవ ఉండదు, సార్ట్ చేసి నకళ్ళున్నాయేమో చూస్తే చాలు. 120 సెన్సర్ కీలకి, ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలకి కూడా అదే పరీక్ష విడివిడిగా. అయితే నకళ్ళు కనబడలేదంటే మంచిదని కాదు: 4,096 విలువల్లోంచి వచ్చిన 120 కీలలో కనీసం ఒక జత కలిసే అవకాశం 80 శాతం పైన ఉంటుంది, కలవకుండా బయటపడే మిగతా 20 శాతంలో కూడా కీలు అంతే బలహీనం. కాబట్టి ముందు ఆ రాండమ్‌సీడ్ వరస తీసి, కీలు కొత్తగా చేయించి, అప్పుడు తనిఖీ పెట్టండి.